నీడకి మార్కులు వేసే తొకుజో గారు

ఓనుమా తొకుజో గారు నీడకి మార్కులు వేసేవారు. వంటకి మార్కులు వేసేవాళ్ళూ, కోడళ్ళకి మార్కులు వేసేవాళ్ళూ ప్రతి వీధిలోనూ ఉంటారు. నీడకి మార్కులు వేసే మనిషి మాత్రం హినాసావా ఊరు మొత్తానికి ఈయనొక్కడే. ఊరి స్టేషన్లో ముప్పై ఎనిమిదేళ్ళు టికెట్లకి చిల్లులు పెట్టి రిటైరయ్యారు. ఆ చిల్లులు పెట్టే పంచింగ్ ప్లయర్‌ని ఇంటికి తెచ్చుకుని, జేబులో వేసుకుని, ఏదైనా ఆలోచించేటప్పుడు టిక్కు టిక్కుమని నొక్కుతూ ఉండేవారు. టికెట్ లేకుండా రైలెక్కినవాణ్ణి చూసినట్టే పక్కింటివాళ్ళ నీడని చూసేవారు.

దీనికంతటికీ మూలం ఒక చిన్న మొక్క. గిబోషి అంటారు దాన్ని. ఆ కొండల్లో పచ్చటి పెద్దాకుల గిబోషి పిచ్చిమొక్కలా పెరుగుతుంది. మంచు కరగ్గానే జనం దాని మొలకలు కోసుకొచ్చి, ఉడకబెట్టి, మిసో అనే పులిసిన సోయాముద్దా వెనిగరూ కలిపి లొట్టలేసుకుంటూ తింటారు. తొకుజో గారి పెరట్లో ఉన్నది మాత్రం వేరు. బొటనవేలంత ఆకు, మధ్యలో ముదురు పచ్చ, చుట్టూ తెల్లటి అంచు. దుబ్బంతా కలిపినా అన్నం గిన్నెలో పట్టేస్తుంది. వయసులో ఉండగా కొండమీద ఒక పచ్చ దుబ్బులో ఒకే ఒక్క తెల్ల అంచు పిలక కనిపిస్తే తెచ్చి, ఉత్తరపు చూరు కింద పెట్టి, నలభై ఏళ్ళు సాకారు. దానికి నోకోరియుకి అని పేరు పెట్టుకున్నారు. ఎండ తగలని మూల కరగకుండా మిగిలిపోయిన మంచు అని అర్థం.

చూసిన ప్రతివాళ్ళకీ ఒక పిలక కావాలనిపించేది. అడిగితే ఆయన లేదనేవారు కాదు, ఇస్తాననేవారూ కాదు. "ముందు మీ నీడ చూడాలి" అనేవారు.

టోఫు కొట్టు ఫుసాయె కూడా అడిగింది. ఆవిడ అత్తవారింటికి వచ్చి ఇరవై ఏళ్ళయింది. రోజూ పొద్దున్నే ఆరున్నరకి తొకుజో గారు అరదిమ్మ టోఫు కోసం వచ్చేవారు కాబట్టి చనువు ఉంది.

"తాతగారూ, మా వెనకవైపు ఉత్తరపు గోడ దగ్గర ఏమీ మొలవదు. మీ నోకోరియుకి పిలక ఒక్కటి పెట్టుకుంటాను, ఇవ్వరూ?"

"సెప్టెంబరులో వస్తాను."

"అదేంటి, ఇది మే నెల కదా?"

"వేసవిలో నీడ ప్రతి గాడిదకీ దొరుకుతుంది అమ్మాయ్. సెప్టెంబరులో ఎండ ఏటవాలుగా దూరుతుంది. నీడ బండారం అప్పుడు బయటపడుతుంది."

అన్నట్టే సెప్టెంబరులో ఒకరోజు ఉదయం ఏడింటికి దిగారు. మడత పీట, వెదురు కర్ర, చేతి పార, ఒక గుడ్డసంచీ. ఉత్తరపు గోడకెదురుగా పీట వేసుకుని కూర్చుని, గంటకోసారి లేచి, నీడ అంచున కర్రతో గీత గీసేవారు. మధ్యమధ్య మట్టి పరీక్ష అని వంగి, వీపు ఇటు పెట్టి, పారతో ఏదో తవ్వి మళ్ళీ పూడ్చేవారు. ఫుసాయె నాలుగుసార్లు టీ ఇచ్చింది, ముల్లంగి ఊరగాయ పెట్టింది, మధ్యాహ్నం వేడి వేడి టోఫు వేయించి పెట్టింది. అన్నీ తిన్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒక దిమ్మ చేతిలో పెట్టబోతే ఆయన వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాగేసుకున్నారు.

"తినడం తింటాను, మోసుకెళ్ళడం ఉండదు. నా రూలు."

"సరే, మరి నీడ?"

టిక్కు టిక్కుమని ప్లయర్ నొక్కారు. "ముప్పై ఒకటి."

"వందకా?"

"వందకే. నీ నీడలో ఆవిరి ఉందమ్మా. టోఫు ఆవిరి. ఈ వాసనలో మొక్క ధ్యాస చెడిపోతుంది."

"మొక్కకి ధ్యాసేంటి తాతగారూ?"

"చూశావా, అదే నీకు తెలీదు. అందుకే ముప్పై ఒకటి."

ఫుసాయెకి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నాలుగు టీలు తాగి ఫెయిల్ చేసిన మనిషిని ఏమనాలో తెలీలేదు. అయినా తానొక్కతే కాదు కదా అని సర్దుకుంది. మంగలి కుసకా నీడకి ఇరవై రెండు వచ్చాయి. "నిలకడలేని నీడ. పదకొండున్నరకి లేచి వెళ్ళిపోతోంది" అన్నారట. రిటైరైన సైన్సు మాస్టారు కజామా గారి పెరడు చూసి "ఇది నీడ కాదు మాస్టారూ, చీకటి" అని పద్నాలుగు వేశారు. జీవితమంతా ఇతరులకి మార్కులు వేసిన మాస్టారికి అది గుండెలో గుచ్చుకుంది. ఏడాదికొక ఇంటి చొప్పున మొత్తం తొమ్మిది ఇళ్ళు పరీక్షకి కూర్చున్నాయి. తొమ్మిదీ ఫెయిలే.

కుసకా కొట్లో జుట్టు కత్తిరించుకునే ప్రతివాడికీ ఇదే కథ. "ఆ ముసలాయన పిసినారి బాబూ. ఇవ్వను అని చెప్పడానికి నోరు రాక ఇదంతా. ఆయన చచ్చిపోయినా ఆ మొక్కని వెంట తీసుకుపోతాడు చూడు!"

మరుసటి ఏడు మే నెలలో ఫుసాయె ఉత్తరపు గోడ దగ్గర మసిగుడ్డలు ఆరేస్తూ ఉంటే కాలి దగ్గర ఏదో తెల్లగా కనిపించింది. వంగి చూసింది. బొటనవేలంత ఆకులు రెండు, చుట్టూ తెల్ల అంచు. కిందటి శరదృతువులో టోఫు ఇవ్వడానికి ఆయన పెరట్లోకి వెళ్ళినమాట నిజం. అప్పుడా దుబ్బుకి ఎండిన కాయలు ఉన్నమాటా నిజం. కొయ్య చెప్పుల పళ్ళ సందున విత్తనం ఇరుక్కుని వచ్చేసిందన్నమాట! పరీక్ష తప్పిన మనిషి పెరట్లో ప్రశ్నపత్రమే మొలిచినట్టయింది. ఎవరు నమ్ముతారు? అందరూ దొంగ అంటారు.

అదే సమయానికి భర్త యసుకిచి వెనక గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటది, గిబోషి మొలకా? కోసెయ్, మిసో కలుపుకుందాం."

"ముట్టుకున్నారంటే ఈ పూట అన్నం లేదు!" అని ఫుసాయె టోఫు నానబెట్టే పాత చెక్కతొట్టి దానిమీద బోర్లించింది. అప్పట్నుంచీ రెండేళ్ళు ఆ మొక్క తొకుజో గారు వచ్చే వేళకి తొట్టి కిందా, ఆయన టోఫు పట్టుకెళ్ళాక బయటా పెరిగింది. పెరిగి పెరిగి నాలుగు పిలకలైంది. ఆకు విచ్చినప్పుడల్లా ఫుసాయెకి సంతోషం, వెంటనే భయం. పొద్దున్నే అరదిమ్మ కోసం వచ్చిన ఆయన ముఖంలోకి సూటిగా చూడలేక, అరదిమ్మని ముప్పావు దిమ్మలా కోసి ఇచ్చేది. ఆయన ఆ పావు ముక్కని మళ్ళీ కోయించి వెనక్కిచ్చేవారు.

మూడో ఏడు మంచు తెగ కురిసింది. చూరు దాకా పేరుకుని ఏప్రిల్ చివరికిగాని కరగలేదు. కరిగిన రోజు పొద్దున ఆరున్నరకి తొకుజో గారు టోఫుకి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు ఫుసాయె గిన్నెలో టోఫు పెట్టుకుని తనే వెళ్ళింది.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఉత్తరపు చూరు కింద నేలంతా పొలం ఎలుకలు తవ్విన సొరంగాలే. మంచు కింద చలికాలమంతా విందు చేసుకుని వేళ్ళతో సహా దుబ్బులన్నీ తినేశాయి. జాగ్రత్త కోసమని అక్కడే పాతిపెట్టిన కుండీల్లో కూడా మట్టే మిగిలింది. దుబ్బు ఉండాల్సిన చోట పిడికిలి పట్టేంత గుంట ఉంది. ఆయన నీడ కోసం కట్టిన వెదురు తడికలు విప్పి గోడకి ఆనించేశారు. నలభై ఏళ్ళుగా ఎండ ఎరగని ఆ నేలమీద ఎండ దర్జాగా పరుచుకుని ఉంది.

"తడికలు తీసేశారేం తాతగారూ?"

"ఇంకెవరికోసం?" అన్నారు. జేబులో టిక్కు టిక్కుమనలేదు.

"ఇంకెక్కడా లేదా ఆ మొక్క?"

ఆయన ఆవిడ వంక ఒకసారి చూశారు. "ఉంటే మాత్రం? ఎవరి నీడలో ఉన్నది వాళ్ళది" అని లేచి లోపలికెళ్ళిపోయారు. తెచ్చిన టోఫు వరండాలోనే ఉండిపోయింది.

ఎలుకల సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఆ రోజంతా ఫుసాయెకి పని మీద మనసు లేదు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్క తన చెక్కతొట్టి కింద ఉంది. చెబితే దొంగ, చెప్పకపోతే పాపం. ఆ ముసలాయన అలా ఎండలోకి చూస్తూ కూర్చుంటే రేపో మాపో మంచం పడతాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు ఇషి చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "ఆ తొట్టి కింద ఉన్నదాన్ని ఇంకెన్నాళ్ళు దాస్తావే?" అంది.

"అత్తయ్యా! మీకు తెలుసా?"

"ఎనభై ఏళ్ళు వచ్చినంత మాత్రాన కళ్ళు పోతాయా? పొద్దున్నే పద. నేనూ వస్తాను."

తెల్లారి ఏడింటికి ఫుసాయె మొక్కని కుండీలోకి ఎత్తి, ఏప్రాన్ కింద పెట్టుకుని బయల్దేరింది. వెనక కర్ర పట్టుకుని అత్తగారు. వీధి మలుపులో మంగలి కుసకా ఎదురయ్యాడు. చేతుల్లో గడ్డం గీసేటప్పుడు కప్పే తెల్లగుడ్డ, దానికింద ఏదో గుండ్రంగా.

"ఎక్కడికి వదినా, పొద్దున్నే?"

"ఊరికే. నువ్వు?"

"నేనూ ఊరికే." ఆవిడ పొట్ట వంక అనుమానంగా చూశాడు. "వంట్లో బాగానే ఉందా?"

"నీ చేతిలో ఎవరి తలకాయి కుసకా?"

ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. కజామా మాస్టారు టోపీల పెట్టె చంకన పెట్టుకుని సందులోంచి వచ్చారు. నెత్తిమీద టోపీ ఉన్నా పెట్టెలో ఏముందని ఎవరూ అడగలేదు. తొకుజో గారి గుమ్మం దగ్గరికి చేరేసరికి అప్పటికే అక్కడ బుట్టలు పట్టుకున్న ఇద్దరూ, బకెట్లు పట్టుకున్న ముగ్గురూ, ఊయల్లో పసిబిడ్డలా పచ్చడి జాడీ మోస్తున్న ఇంకొకావిడా నిలబడి ఉన్నారు. అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు.

తొకుజో గారు తలుపు తీశారు. మొదట ధైర్యం చేసింది ఫుసాయే. ఏప్రాన్ తీసి కుండీ ఆయన ముందు పెట్టి నడుం వంచి నిలబడింది.

"క్షమించండి తాతగారూ. నా చెప్పుకి అంటుకుని వచ్చేసింది. కావాలని చెయ్యలేదు. దీన్ని మీరే పెంచుకోండి."

అంతే, గుడ్డలూ మూతలూ ఒక్కసారిగా లేచాయి. "నా దగ్గర పిట్ట వేసింది తాతా, ఒట్టు!" అన్నాడు కుసకా. "నాకు వరదనీళ్ళలో కొట్టుకొచ్చింది" అంది పచ్చడి జాడీ ఆవిడ. ఆవిడ ఇల్లు గుట్టమీద ఉంది. వరండాలో వరసగా తొమ్మిది నోకోరియుకీలు నిలబడ్డాయి.

కజామా మాస్టారు తన పెట్టె తెరుస్తూ గొంతు సవరించుకున్నారు. "నాదీ పిట్ట విత్తనమే. నిజానికి తెల్ల అంచు గిబోషి విత్తనం వేస్తే పచ్చ మొక్కే వస్తుంది, అంచు రాదు. లక్షకొకటి వస్తుందేమో. ఆ లక్షకొకటి నా పెరట్లో వచ్చిందని ఒక వ్యాసం కూడా..." అంటూ వరస చూశారు. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టారు. తొమ్మిది దగ్గర ఆగి, వ్యాసాన్ని మనసులోనే చింపేశారు. "అంటే విత్తనం కాదు. ఇవన్నీ దుబ్బు కోసి నాటిన పిలకలు."

"ఎవరు నాటారు?" అంది ఫుసాయె.

తొమ్మిది ఫెయిళ్ళు, తొమ్మిది కుండీలు. అందరి చూపులూ ఆయన మీదికి తిరిగాయి. తొకుజో గారు చూరులో ఏదో కొత్తగా కనిపించినట్టు పైకి చూస్తున్నారు.

"మట్టి పరీక్ష!" అన్నాడు కుసకా. "ఓరి దేవుడో! వీపు అటు తిప్పి చేసిన మట్టి పరీక్ష!"

"ముప్పై ఒకటి వేసిన నీడలో ఎందుకు నాటారు తాతగారూ?"

"ఎవరు వేశారు ముప్పై ఒకటి?"

"మీరే!"

"అబద్ధం చెప్పాను. నీది తొంభై రెండు" అన్నారు ఆయన చిరాగ్గా. "నీడ బాగాలేకపోతే నాటుతానా? ఒక్క మాస్టారిదే కాస్త చీకటి. అది నిజమే."

"మరి చేతికే ఇవ్వొచ్చుగా! మేమంతా దొంగల్లా తొట్ల కిందా బకెట్ల కిందా..."

ఆయన బదులు వరండా మెట్టుమీద కూర్చున్న ఇషి మాట్లాడింది. "నావల్లే అమ్మా. నువ్వు కాపురానికి రాకముందు సంగతి. మీ మావయ్య మంచాన ఉన్నప్పుడు ఈయన చూడ్డానికి వచ్చి ఒక పిలక ఇచ్చాడు. ఒకరు ఇచ్చింది ఊరికే పుచ్చుకుంటామా? కనీసం సగం విలువ తిరిగివ్వాలా వద్దా? ఇంట్లో డబ్బాలో అడుగున సోయాగింజలు మిగిలాయి. ఉన్నవన్నీ నానబోసి పన్నెండు దిమ్మలు చేసి పంపాను. వారం రోజులు కొట్టు మూసేశాం."

"పన్నెండు దిమ్మలు!" అన్నారు తొకుజో గారు. ఇన్నేళ్ళయినా ఆ గొంతులో బెదురు పోలేదు. "ఒంటిగాణ్ణి. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం అదే తిన్నాను. అయిదోరోజు వచ్చి చూద్దును కదా, కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. లోపల నీ మొగుడు గంజి తాగుతున్నాడు. వెనక్కి ఇద్దామంటే తినేశానాయె. పైగా ఆ మొక్కని గౌరవంగా వీధి గుమ్మంలో ఎండలో పెట్టావు. నెల తిరక్కుండా మాడిపోయింది."

"మరి పుచ్చుకున్నదాన్ని వెనక పెరట్లో పెడతానా?"

"అదీ సంగతి. అందుకే ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఎండలో పెట్టనివ్వనూ లేదు. మీకు ఇచ్చినట్టు తెలిస్తే మీరు ఊరుకోరు. వాడు క్షవరాలు పంపుతాడు, ఈవిడ పచ్చళ్ళు పంపుతుంది. పరీక్ష తప్పినవాడు ఎవరికీ బాకీ ఉండడు. హాయిగా నన్ను తిట్టుకుంటాడు."

పిసినారి కథ ఊరంతా చెప్పిన కుసకా తెల్లగుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టి, మడిచినదాన్నే మళ్ళీ మళ్ళీ మడిచాడు. ఫుసాయెకి కళ్ళు చెమర్చాయి. ఈ మనిషిని రెండేళ్ళు తప్పించుకుని తిరిగినందుకు సిగ్గేసింది, ఇన్ని తిప్పలు పెట్టినందుకు ఆయన్ని నాలుగు అనాలనీ అనిపించింది.

"సరే" అందావిడ. "ఇప్పుడు ఇవి మీవి. మేం ఇస్తున్నాం, పుచ్చుకోండి. కాదంటే మాత్రం పన్నెండు దిమ్మలు పంపిస్తాను."

తొకుజో గారి ముఖం నిజంగానే పాలిపోయింది. తొమ్మిది కుండీలనీ చివరి నుంచి చివరిదాకా చూశారు. జేబులో చెయ్యి పెట్టారు. టిక్కు, టిక్కు. ఎలుకలు పడ్డాక ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. తర్వాత లోపలికెళ్ళి కత్తీ, తడిపిన నాచూ తెచ్చుకుని కూర్చున్నారు.

"మీరిచ్చారు, నేను పుచ్చుకున్నాను. బాగుంది. ఇప్పుడు బదులివ్వాల్సింది నేను కదా?"

"బదులేంటి తాతగారూ, ఏమీ వద్దు..."

"ఆచారం అమ్మాయ్. సగం తిరిగివ్వాలి" అంటూ ఫుసాయె కుండీ ఒళ్ళోకి లాక్కుని, దుబ్బు పైకెత్తి, నాలుగు పిలకల్నీ సరిగ్గా మధ్యకి కోశారు. రెండు కుండీలో పెట్టుకుని, రెండిటి వేళ్ళకీ నాచు చుట్టి, రెండు చేతులతో పట్టుకుని ఆవిడకి అందించారు. ఆయన ఒక మనిషి చేతికి మొక్క ఇవ్వడం ఇరవై అయిదేళ్ళలో అదే మొదలు.

అలా వరసగా అందరికీ సగాలు వెళ్ళాయి. కుసకా వంతు వచ్చేసరికి చిక్కొచ్చిపడింది.

"నావి మూడే పిలకలు తాతా. సగమంటే ఒకటిన్నర."

ఆయన చాలాసేపు ఆలోచించి, రెండు వాడి చేతిలో పెట్టి, ఒకటి ఉంచుకున్నారు. "నీకు అర పిలక ఎక్కువ వచ్చింది."

"అయితే ఆ అరకి ఒక క్షవరం..."

"పంపావంటే ఈ కత్తితో నీ గొంతు కోస్తాను."

"గొంతుమీద కత్తి పెట్టేది నేను తాతా, మీరు కాదు!"

మాస్టారు ఫక్కున నవ్వారు. ఇషి బోసినోటితో నవ్వింది. తొకుజో గారు మాత్రం నవ్వకుండా తడికలు పట్టుకుని నిచ్చెన ఎక్కబోతుంటే కుసకా ఆయన్ని దింపి తను ఎక్కాడు.

ఫుసాయె ఇంటికొచ్చేసరికి యసుకిచి కొట్టుముందు నిలబడి ఉన్నాడు. "ఏమైంది? ఏమన్నాడు? పోలీసులకి చెప్తానన్నాడా?"

ఆవిడ నాచు చుట్టిన పిలకలు చూపించింది. "ఇచ్చాడు."

యసుకిచి కంగారుపడిపోయాడు. "అయ్యో, ఇచ్చాడా! మరి మనమేం పంపాలి? ఎన్ని దిమ్మలు పంపుదాం?"

"ఏమీ పంపక్కర్లేదు. ఇది ఆయన బదులుగా ఇచ్చింది. బదులుకి మళ్ళీ బదులుండదు" అంది ఫుసాయె, చేతి పార కోసం వెతుక్కుంటూ.